అత్తగారికీ కోడలికీ నడుమ ఒక ఉద్యోగ జీవితం

1994 జూన్ పదమూడవ తేదీ సోమవారం నాడు మా జలాశయ గణన కార్యాలయంలో పరీక్షా విభాగ సహాయకురాలిగా బాధ్యతలు స్వీకరించిన మా అక్కయ్యగారు, ఈ నెలాఖరున అదే విభాగ పర్యవేక్షకురాలిగా పదవీ విరమణ చేస్తున్నారు. ఆఫీసంతా వారిని ‘కొలతల మేడమ్’ అంటుంది. పక్క కుర్చీలో ఇన్నేళ్ళు కూర్చున్న చనువుకొద్దీ నేను మాత్రం అక్కయ్యగారూ అనే పిలుస్తాను. ఈ వీడ్కోలు సంచిక వేస్తున్నవారు నాలుగు మంచి మాటలు రాసిస్తే చాలన్నారు. మంచి మాటలకేం, వారి విషయంలో కొదవ లేదు. అయితే నేను రాయక తప్పనివి ఇంకొన్ని ఉన్నాయి.

ఎగువన కురిసిన వాననూ, జలాశయంలోని నీటి మట్టాన్నీ బట్టి ఏ గేటు ఎంత ఎత్తాలో లెక్కగట్టి చెప్పడం మా ఆఫీసు పని. లెక్క తప్పితే దిగువన ఇళ్ళు మునుగుతాయి. అందుచేత అక్కయ్యగారికి ‘సుమారుగా’ అన్న మాట గిట్టదు. కొత్తగా చేరిన రోజుల్లో నేనొకసారి ఆ మాట అన్నందుకు, “సుమారు ఉప్పు కూరలో వేసుకో నాయనా, ఇక్కడ కాదు” అన్నారు. ఆనాటి నుంచి నేను టీలో చక్కెర కూడా కొలిచే వేసుకుంటున్నాను.

కొన్నాళ్ళకు మా విభాగానికి రెండు డెస్క్‌టాప్ కంప్యూటర్లు వచ్చాయి. ఒకదానిలో పాత రకం ప్రాసెసర్, మరొకదానిలో దాని తరువాతి రకం. పాతది రొదచేస్తూ, వేడెక్కుతూ, సణుగుతూ పనిచేసేది కనుక దానికి అత్తగారని, చప్పుడు లేకుండా చకచకా జవాబిచ్చేది కనుక రెండోదానికి కోడలని పేర్లు స్థిరపడ్డాయి. రెండింటినీ వేరువేరు గదుల్లో ఉంచారు. వాటి మధ్య ఏ తీగా లేదు. రెండింటికీ ఒకే లెక్క ఇచ్చి, పనితీరు పోల్చి, ఏది మేలో నివేదిక ఇవ్వమని అక్కయ్యగారిని ఆదేశించారు.

కొత్త ప్రాసెసర్ కాస్త ముందుండటం సహజమే. కానీ లెక్క ఎంత పెద్దదైనా కోడలికి పట్టే సమయం పెరగలేదు. అక్కయ్యగారు డబ్బా విప్పి ప్రాసెసర్ మీది లోహపు రేకును వేలితో తాకి చూశారు. ఎంత పని చేసినా అది చల్లగానే ఉంది. ఒకనాడు అత్తగారి ఫ్యాను దుమ్ముతో బిగుసుకుపోయి, యంత్రం వేడెక్కి, తప్పు జవాబు ఇచ్చింది. కోడలి తెర చూస్తే అక్కడా అదే తప్పు, అంకె తేడా లేకుండా, అప్పటికే వచ్చి ఉంది. అత్తగారు ఇంకా పొరబడకముందే ఆ పొరపాటు కోడలికి తెలుసు.

“ఇది లెక్క కట్టట్లేదు. అది కట్టబోయేది చెప్తోంది,” అన్నారు అక్కయ్యగారు. కోడలే మేలన్న నివేదికపై సంతకం చేయమని పైవారు ఎంత ఒత్తిడి తెచ్చినా వారు చేయలేదు. దాని ఫలితంగా రావలసిన పదోన్నతి రాలేదు. “సంతకం గీకితే నీ సొమ్మేం పోయింది?” అని మా బావగారు కూడా విసుక్కున్నారట.

ఆమె మాట నిజమని నాకు ప్రాణం మీదికి వచ్చినప్పుడు తెలిసింది. నేను అత్తగారి గదిలో కూర్చుని ఉన్నాను. లెక్క నడుస్తోంది. అక్కయ్యగారు పరుగున వచ్చి నా చొక్కా పట్టి లాగారు.

“లే! ముందు బయటికి రా!”

“ఏమైందండీ?”

“కోడలి తెర మీద ఏమీ రాలేదు. ఖాళీగా ఉంది. నడువు!”

మేము వసారాలోకి వచ్చామో లేదో, గోడ మీది స్విచ్‌బోర్డు పేలి నా కుర్చీ అంటుకుంది. అత్తగారు లెక్క మధ్యలోనే ఆగిపోయింది. తరువాత దాన్ని బాగుచేయించాము. ఆ మధ్యాహ్నం నేను క్యారియర్ విప్పకుండా కూర్చుంటే, వారే అన్నం కలిపి నా ముందు పెట్టారు. తోడబుట్టినవారు కూడా అంతకన్నా ఏం చేస్తారు!

ఈ మధ్య వచ్చిన డైరెక్టర్‌గారు అత్తగారిని పాత ఇనుప సామాన్లవాడికి అమ్మేశారు. “అత్త లేని కోడలు ఉత్తమురాలని ఊరికే అన్నారా మేడమ్!” అని నవ్వారు. ఇక కోడలి తెర ఖాళీ అవుతుందని మేమంతా అనుకున్నాము. కాలేదు. జవాబులు యథాప్రకారం వస్తూనే ఉన్నాయి, ఒక్క తప్పూ లేకుండా. “ఇన్నేళ్ళూ నేనే పొరబడ్డానేమో” అని అక్కయ్యగారు చిన్నబుచ్చుకున్నారు.

మొన్న వారి అమ్మాయి ఈ సంచిక కోసం ఫోటో ఇవ్వడానికి వచ్చింది.

“బాబాయ్, అమ్మ సాయంత్రం అన్నం ముందు కూర్చుని అంకెలు గొణుగుతోంది. నుదురు కాలిపోతోంది. డాక్టరు జ్వరం కాదంటున్నారు. చెప్పడం అయిపోగానే చల్లబడిపోతుంది.”

“ఏం అంకెలమ్మా?”

అమ్మాయి ఫోన్‌లో పట్టి ఉంచిన గొంతు వినిపించింది. ముందురోజు సాయంత్రపు అంకెలవి. అవన్నీ ఆ రోజు ఉదయమే కోడలి తెర మీద నేను చూసినవి. అత్తగారు చేసే పని ఇప్పుడు వీరు చేస్తున్నారన్నమాట.

“ఇలా గొణుగుతోందని అమ్మకి చెప్పావా?”

“చెప్పా. ‘తప్పుల్లేకుండా చెప్తున్నానా?’ అని అడిగింది.”

డైరెక్టర్‌గారికి విన్నవించాను. “లెక్క టైముకి వస్తోంది కదయ్యా” అన్నారు. ఈ సంచికలో మరోచోట వారు అక్కయ్యగారికి దీర్ఘాయుష్షు కోరుతూ సందేశం ఇచ్చారు. ఆ కోరికలోని చిత్తశుద్ధిని నేను శంకించడం లేదు.

అక్కయ్యగారు సెలవు పెట్టడంతో నిన్నటి నుంచి విభాగం నా చేతికి వచ్చింది. నిన్న ఉదయమే, ఈ వ్యాసం అచ్చుకు ఇచ్చే ముందు, కోడలి కరెంటు తీగ ఊడబెరికి, ప్రాసెసర్‌ను పీకి జేబులో వేసుకున్నాను. అది అప్పుడూ చల్లగానే ఉంది. కొత్త యంత్రం వచ్చేదాకా గేట్ల లెక్క చేత్తో కడతాము; నాకు మెమో వస్తే రానివ్వండి. నాకు భయం వేసింది, దాచుకోను. ఆ యంత్రం అలాగే నడిస్తే, ఏదో ఒక ఉదయం ఎవరో ఒకరు దాని ముందు కూర్చుని ఖాళీ తెర చూస్తారు. అప్పటికి అక్కయ్యగారు ఇంట్లో నవ్వుతూ తిరుగుతూనే ఉంటారు.

అక్కయ్యగారూ, నిన్న రాత్రి మీరు అంకెలేవీ గొణక్కుండా అన్నం తిన్నారని అమ్మాయి చెప్పింది. మీకూ బావగారికీ ఆరోగ్యం, మనశ్శాంతి, పిల్లల సుఖం నిండుగా కలగాలి. మీ ఆయుష్షు దీర్ఘంగా ఉండాలి. అది ఎంతో మాలో ఎవరికీ ముందుగా తెలియకుండా ఉండాలి.