చేలో రెండో కంచె

అమెరికాలోని మోంటానాలో తెల్లవారింది. గోధుమల మీద మంచు ఆరేదాకా కోతయంత్రం కదలదు. మొగుడూ పెళ్లాం అందులోనే కూర్చుని కాఫీ తాగుతున్నారు.

“కలొచ్చిందయ్యా. సైన్యం మన చేలో పాతిన క్షిపణీ లేదు, దాని కంచే లేదు. యంత్రం నేనే నడుపుతున్నా.”

“కలలోనైనా సుఖపడ్డావు! కొత్త చట్టం వస్తే రెండోది కూడా మన చేలోనే పాతుతారట.”

“దాన్ని చూసి శత్రువు జడుసుకుంటాడటగా?”

“వాడి సంగతేమో, మన ఆవులు జడుసుకుంటున్నాయి. సాయంత్రం ఊరి సభలో చట్టానికి సరేనంటూ చెయ్యెత్తమంటారు. ఎత్తుతావా?”

ఆమె పొగమంచులోకి చూసింది.

“కలలో కంచె లేదని తెలుసు. అయినా కంచె ఉండే చోటికి రాగానే నా చేతులు యంత్రాన్ని పక్కకి తిప్పేశాయి.”

“ఊరంతా ఎత్తుతుందే.”

“ఎత్తనీ. ఈ చేతులకి ఇంకో మలుపు నేర్పడం నావల్ల కాదు.”