ఎనిమిదిన్నర రీడింగు

చూశావా అమలా, చచ్చినా వదలరు ఈ వాతావరణ ఆఫీసువాళ్ళు! నీ ఏడాది పూజకని సెలవడిగితే, ఎమర్జెన్సీ అట, కుదరదట. "మద్రాసు నుంచి ఆఫీసరుగారొచ్చారు, మీరుండి తీరాలి శౌరయ్యగారూ" అన్నారు. అందుకే నీ సమాధికి పూలు ఇంత ఆలస్యం. కోప్పడకు.

ఆయన బల్లమీద ఓ ఫొటో పరిచాడే. పైన తిరుగుతుందే, శాటిలైటు, అది తీసింది. పోయినేడు గుణదల తిరునాళ్ళప్పటిది. ఏజెన్సీలో అడవులు తగలబడ్డాయట. అక్కణ్ణించి బూడిదరంగు చార ఒకటి, మన కృష్ణ దాకా. మబ్బో పొగో ఫొటో చెప్పలేదట, కిందున్న మేమే చెప్పాలట. ఖమ్మం వాళ్ళు పొగ అని రాశారు. ఏలూరు వాళ్ళూ రాశారు. ఆ ఊళ్ళన్నిటికీ రంగేసి మ్యాపు అచ్చేశారు.

మన ఊరొక్కటీ తెల్లగా వదిలేశారు!

ఎందుకొదలరూ? "గుణదల కొండ సిలువ స్పష్టం" అని తిరునాళ్ళ మూడ్రోజులూ రాసింది నేనేగా. పొద్దున ఎనిమిదిన్నరకి ఆఫీసు డాబా ఎక్కాలి, సిలువ కనబడితే చూపు ఇన్ని కిలోమీటర్లు ఆనుతోందని రాయాలి. అదేగా నా ఉద్యోగం. "మీ ఊరి గాలి భేషుగ్గా ఉందండీ" అన్నాడాయన. ఆ గాలికే మా ఆవిడ పోయిందండీ అననా?

నువ్వడిగావు. ఉబ్బసం మనిషివి, నీకు ముందే తెలిసిపోయింది. "ఏమండీ, కళ్ళు మండుతున్నాయి, పొగలా ఉంది. కొండెక్కనా, మొక్కు వచ్చే ఏడు తీర్చుకోనా?" అన్నావు. నేనేమన్నాను? "మంచేనే, ఎండొస్తే పోతుంది. రిజిస్టరు రాసేవాణ్ణి, నాకు తెలీదా? ఎక్కు" అన్నానా లేదా? నమ్మావు. సగం కొండ దగ్గర కూలబడ్డావు. ఊపిరందక, నోరు తెరుచుకుని... మోసుకొచ్చారు నిన్ను.

సరే, విను. ఫాదరుగారికి కూడా చెప్పలేదిది. ఆ మూడ్రోజులూ నేను డాబా ఎక్కలేదే. మోకాలు నొప్పి. కుర్చీలో కూర్చునే రాసేశాను. సిలువ ఎక్కడికి పోతుంది, రోజూ ఉండేదేగా అనుకున్నాను.

"రిజిస్టరు దిద్దొచ్చా అండీ?" అనడిగాను ఇవాళ. ఎందుకని కూడా అడగలేదాయన. అచ్చయిపోయాక దిద్దేదేముంది అని నవ్వాడు.

డాబాకి పద్దెనిమిది మెట్లు, అమలా. అంతే. నువ్వేమో సగం కొండెక్కావు.

ఇప్పుడు రోజూ ఎక్కుతున్నాను. ఎక్కి ఏం లాభంలే.