మూత కింద ముద్ద

వానలు రాని రెండో ఏడు. కోసిగిలో ఒక వాకిట అత్తాకోడళ్లు కూర్చున్నారు. మధ్యలో మూత పెట్టిన గిన్నెలో ఒక జొన్నసంగటి ముద్ద ఉంది.

"మనకే సాలదు. ఇంగా ఎన్నాళ్లు తీసిపెడ్తావత్తా ఆయన ముద్ద?"

"నా కొడుకు కూలికి పోయిన ఊర్లో వానికెవురు పెడ్తాండారో! మనం ఈడ ఆకలైనోనికి పెడితే, ఆడ వానికి ఈరన్నస్వామి పెట్టిస్తాడు."

"ఆయన తోడు పోయినోళ్లంతా వచ్చేసినారు. ఆయన మాటెత్తితే తల వంచుకుంటారు."

"నాతో ఎవురూ ఏం చెప్పలేదు."

"నువ్వు అడగలేదు గదత్తా."

"ఈపొద్దు ముద్ద తినేకి ఎవురూ రాలేదా?"

"మనిషనేటోడు రాలేదు. కాకి ఒగటి మాత్రం పొద్దన్నించీ గోడ మీద కూసోనుండాది."

"తోలు దాన్ని! కాకికి పెట్టేది సచ్చినోళ్ల కూడు. ఇది నా కొడుకు ముద్ద."

"శానాసార్లు తోలినా. పోలేదు. నీ దిక్కే చూస్తాండాది."

"చూడనీ. నువ్వు దోవలోకి పోయి, ఆకలైనోన్ని ఎవుర్నన్నా పిల్సుకరా. బిన్నే పో."

"పోతాండా. నేనొచ్చేదాకా ఆ మూత మాత్రం తియ్యాకత్తా."