కోతి తిన్న పుట్టకొక్కులు

హుస్నాబాద్ దగ్గరి ఓ ఊరికి, ముసురు పట్టిన పొద్దుల్లో, కడుపుతో ఉన్న బిడ్డ కోసమని ఆమె తల్లి పుట్టకొక్కులు, అంటే అడవిలో మొలిచిన పుట్టగొడుగులు, మూటగట్టుకొచ్చింది. ఆ మూట విప్పినప్పటి నుంచి బిడ్డ అత్తకు మనసు నిమ్మళంగా లేదు.

"వదినె, గివి మంచియేనా?"

"అడవిల కోతి తినంగ నా కండ్లతోని చూసిన. అది తిన్నంక మనకేం ఫికర్?"

"కోతినన్న నమ్ముత. గుంజుకపోతే కండ్ల ముందే గుంజుకపోతది, పండ్లికిలిస్తది. గీ పుట్టకొక్కును సూడు, కొత్త కోడలి తీరు తల వంచుకొని కూసుంటది. లోపటేమున్నదో ఎవలకెరుక?"

"కోడలి మాటెందుకు తీస్తవు? నా బిడ్డకు నేనే ఇషం పెడ్తనా?"

"గట్లనలే. తిన్నంక ఆ కోతి ఏం చేసింది?"

"ఏం చేస్తది? చెట్టెక్కింది."

"అటెన్క?"

"బస్సు పోతదని నేను ఉరికొచ్చిన."

"అంటే అది మల్ల దిగంగ నువ్వు చూడలే."

వంటింట్లోంచి నూనె కాగిన వాసన వస్తున్నది. వియ్యపురాలు మెల్లగ మూటను తన దిక్కు గుంజుకొని ముడేసింది.

"బిడ్డా, జర ఆగు! ఇయ్యాల బీరకాయనే వండుదాం."