అక్క మాట్లాడని ఏడాది

కుట్టు షాపులో అక్క చొక్కాకి గుండీలు కుడుతోంది. రెండు పత్రికల నుంచి తిరిగొచ్చిన తన కథను చెల్లెలు చదివి వినిపించి, కాగితాలు ఒళ్లో పెట్టుకుంది.

“ఎలా ఉందక్కా?”

“బాగానే ఉందే. కానీ కథలో ఆ అక్క అంత తొందరగా ఎలా క్షమించేసింది?”

“కథ కదా.”

“నా ఉద్యోగం ఉత్తరం నువ్వు దాచేశావని తెలిసినప్పుడు, నేను నవ్వి నిన్ను దగ్గరికి తీసుకున్నానా?”

“లేదు. ఏడాది పాటు నాతో మాట్లాడలేదు.”

“మరి అదే రాయి.”

“రాస్తే నేనెంత పని చేశానో అందరికీ తెలిసిపోతుంది.”

“తెలియనీ. ఎందుకు దాచావో కూడా రాయి.”

“నువ్వెళ్లిపోతే ఒక్కదాన్నే అయిపోతానని.”

“ఆ మాట కథలో ఎక్కడా లేదేం?”

చెల్లెలు చివరి పేజీ మొత్తం అడ్డంగా కొట్టేసింది.

“ఏడాది తర్వాత మొదట ఏం మాట్లాడావో గుర్తుందా అక్కా?”

“ఏమన్నాను?”

“‘జ్వరమొచ్చిందా, కళ్లు అలా ఉన్నాయేం?’ అన్నావు. గోడకేసి తిరిగి ఏడ్చేశాను.”

“కథ అక్కడ ఆపెయ్. ఇంకొక్క ముక్క కూడా రాయకు.”

“ఈసారైనా పత్రికవాళ్లు వేసుకుంటారంటావా?”

“వాళ్ల సంగతేమో గానీ, నేను మాత్రం మళ్లీ చదివించుకుంటాను.”