కణాలు లేని గిన్నె

హలో… ఆ, నేనే, క్యాథరిన్ని. కాలేజీ ల్యాబు నుంచి.

బాగానే ఉన్నా… తిన్నా. తిన్నానంటున్నా కదా!

ఇస్సాకన్నయ్యా, ఒక్క నిమిషం నన్ను చెప్పనీ. మధ్యలో మాట్లాడావంటే మళ్లీ తప్పించుకుంటాను.

దవడెలా ఉంది?… చేపా? ముళ్లు తీసి… సరే, ఆ వైపు మాత్రం కొరక్కు. జ్ఞానదంతం కింద నీటితిత్తి తీసిన చోట గుంట అలాగే ఉంది. గట్టిగా కొరికితే దవడ విరుగుతుందని సుబ్బరాజు డాక్టరుగారు నీకు చెప్పలేదూ?

ఆయనే ఇందాక ఫోన్ చేశారు. రేపటి ఆపరేషన్ వద్దన్నావట… ఆరింటిదాకా నీ చోటు ఎవరికీ ఇవ్వొద్దని బతిమాలాను. ఆలోగా ఏలూరొచ్చి ఆస్పత్రిలో చేరాలి.

నవ్వకు. మూడు వారాల కింద నేనేమన్నాను? "దవడలో గుంట పూడ్చడానికి తుంటి ఎముక కోయించుకోకు, ఊడదీసిన నీ జ్ఞానదంతంలో కణాలతోనే ఎముక కట్టిస్తా" అన్నానా?… అన్నాను.

ఏంటీ… ప్రార్థన కూడికలో కూడా చెప్పేశావా? అయ్యో…

విను. ఆ ఎర్రరంగు అబద్ధం.

రంగంటే… కణాలు ఎముక కడితే అందులో సున్నం చేరుతుంది. మేం వేసే రంగు ఆ సున్నానికి పట్టి ఎర్రబడుతుంది… ఆ, నీకు చెప్పిందదే.

ఇది చెప్పలేదు. కణం చుట్టూ పొరలో సన్నని దారులుంటాయి. వాటిలోంచి కాల్షియం అలలు అలలుగా లోపలికొస్తుంది. ఆ అలే దానికి కబురు — ఇక ఎముక కట్టమని. దారులు మూసే మందు వేస్తే కబురందదు, ఎరుపు తగ్గాలి. అదీ నా పరీక్ష.

తగ్గలేదు… ఆ రోజు మందు వెయ్యని గిన్నె ఒక్కటే చూసి నీకు ఫోన్ చేసేశాను. రెండోది చూసేదాకా ఆగలేకపోయాను.

అనుమానమొచ్చి మొన్న ఖాళీ గిన్నె పెట్టాను. కణాలే లేని గిన్నె, అన్నయ్యా. అదీ ఎర్రబడింది.

నీళ్లు. బోరు నీళ్లలో సున్నం… లేదు, మా ల్యాబు కుర్రాడు పేతురు కాదు, పాపం అతనికేం తెలుసు. కరెంటు కోతలో డిస్టిల్డ్ వాటర్ మిషన్ ఆగిపోయింది. కణాలు చచ్చిపోతాయేమోనని బోరు నీళ్లే మరగబెట్టి, వడగట్టి వాడేశాను. నేనే. మనింట్లో కాగుకి తెల్లగా గార కట్టేది, అమ్మ చింతపండేసి తోమేది. అది చూస్తూ పెరిగి కూడా…

బతికే ఉన్నాయి, నీ కణాలు. మళ్లీ చేస్తాను. కానీ గిన్నెలో ఎరుపు వేరు, మనిషి దవడలో ఎముక వేరు. ఎన్నేళ్లు పడుతుందో నాకు తెలీదు. ఆ రోజు కూడా తెలీదు.

…ఇదంతా విన్నాక కూడా రానంటావేం?

ఏంటీ?… ఆ రోజు నేను ఫోన్ చెయ్యకముందే వద్దనుకున్నావా?

తుంటి కోస్తారని భయమా?… నువ్వా! కొల్లేట్లో పాముల్ని చేత్తో విసిరేసేవాడివి.

నవ్వట్లేదు. ఒట్టు, నవ్వట్లేదు.

అంటే నా మాట నీకు సాకయింది… నాకూ అంతే. ఎవరైనా ఒక్కరు నమ్మితే బావుండుననిపించింది. నీ దవడ గురించి కాదు, నా గురించే ఆలోచించుకున్నాను… కాదులే అనకు.

ఎక్కడున్నావు?… దెందులూరు రోడ్డు మీదేనా? ఆ హారను ఏలూరు బస్సుదా? ఎక్కు.

వదిలేశావా?…

సరే. ఇంకోటొస్తుంది. ఫోన్ పెట్టకు.

నొప్పా?… ఉంటుంది. ఉండదని చెప్పను. మత్తు దిగాక దవడకంటే తుంటే ఎక్కువ నొప్పెడుతుందట. రెండు వారాలు కుంటుతావు… ఊఁ… ఊఁ… నాకూ భయంగానే ఉంది.

ఉంటాను. థియేటరు గుమ్మం దాకా వస్తాను. ఆ తర్వాత లోపలికి నువ్వొక్కడివే.

…ఏంటా చప్పుడు? బస్సా, అన్నయ్యా?

ఎక్కావా?… వినబడట్లేదు, ఇంజను మోత…

ఎవరూ, కండక్టరా? అడుగుతున్నాడుగా, చెప్పు.

ఊరి పేరు చెప్పన్నయ్యా.

…

ఆ. ఏలూరు. విన్నాను.

హలో?… హలో…