తొంభై తొమ్మిది అన్నా వినని యంత్రం

ఉల్లిపాయలు తగ్గించమన్నానా, పెంచమన్నానా? నువ్వసలు మనిషి మాట వినవు సాలోంగో! కవలలు పుట్టారని ఊరంతా ఆ బిరుదుతో పిలిచి నిన్ను నెత్తికెక్కించుకుంది, అదీ తంటా. సరేలే, రెండు గుడ్లు కొట్టు. చపాతీ మెత్తగా ఉండగానే చుట్టు. నీ రోలెక్స్ తిందామని బోడాబోడా బైకెక్కి వండెగెయా దాకా వచ్చాను. ఆ గోతులకి నా నడుం విరిగింది.

ఏమిటా చూపు? ఆఫీసు మాట ఎత్తకూడదా? ఎత్తుతాను. నీ ఇష్టమేమిటి, తినేది నేను.

నిన్న మన ప్రోగ్రామ్‌లో ఓ పనికిమాలిన టెస్ట్ రాశాను. నిజంగానే పనికిమాలింది! మన టీకాల ఫ్రిజ్‌నీ చూడదు, అలారాన్నీ చూడదు. లేస్తుంది, "నా వల్ల కాదు, తొంభై తొమ్మిది" అని కేకేసి పడిపోతుంది. అంతే దాని బతుకు.

ఎందుకంటావా? మన టెస్టులన్నీ నడిపి, విడుదల చేసుకోండని పచ్చదీపం చూపించే బిల్డ్ యంత్రం ఉందే, దాన్ని పరీక్షించడానికి.

నీకు నేను చెప్పాలా ఇదంతా! కొత్తవాళ్లకి నువ్వేగా చెప్పేవాడివి? "పిల్లాడు పరీక్ష రాసి తప్పడం వేరు, పరీక్ష హాలు తాళమే తియ్యకపోవడం వేరు" అని. తప్పుతాయని ముందే తెలిసిన టెస్టులకి ఓ జాబితా ఉంది. వాటిల్లో ఏది తప్పినా ఎవరూ కంగారు పడరు. కానీ తొంభై తొమ్మిది అంటే తాళమే తియ్యలేదని. జాబితాలో ఉన్నా సరే, యంత్రం ఆగి తీరాలి. అవునా?

మరందుకే నా పనికిమాలినదాని పేరు ఆ జాబితాలో చేర్చి నడిపాను. నా ల్యాప్‌టాప్ మీద టక్కున ఆగింది. ఆఫీసు యంత్రం మీదేమో... పచ్చదీపం! "అనుకున్నట్టే తప్పింది, అంతా సవ్యంగా ఉంది" అంటుంది, సిగ్గులేకుండా.

అదిగో, చెయ్యి ఆగింది. గుడ్డు గిలక్కొట్టు, గిలక్కొట్టు.

ఫిబ్రవరిలో జరిగింది ఇదే సాలోంగో. మన అలారం రెండు నిమిషాలు ఆలస్యంగా మోగుతుందని అందరికీ తెలుసు, అందుకే ఆ టెస్ట్ జాబితాలో ఉంది. కొత్త వెర్షన్‌లో ఆ అలారం అసలు లేవనే లేదు. టెస్ట్ తొంభై తొమ్మిది అని గొంతు చించుకుంది. యంత్రం "ఆ, నువ్వెప్పుడూ తప్పేదానివేగా" అని పచ్చదీపం వేసింది. నువ్వు సంతకం పెట్టావు. సెసే దీవుల్లో ఫ్రిజ్ వేడెక్కినా అలారం కూత లేదు. అక్కడి నర్సు కనిపెట్టబట్టి పిల్లలకెవరికీ వెయ్యకముందే మందు పారబోశారు.

"పచ్చగానే ఉందండీ, నా కళ్లతో చూశాను" అని మొత్తుకున్నావు. "చూడకుండా సంతకం పెట్టే మనిషి నాకొద్దు" అన్నాడు మన బాసు కయోంగో. మేమంతా బల్లకేసి చూస్తూ కూచున్నాం. నేనూ.

ఆ యంత్రం సెట్టింగుల్లో ఓ స్విచ్ నొక్కి ఉంది. తొంభై తొమ్మిదిని కూడా మామూలు తప్పులాగే చూడమని చెప్పే స్విచ్. ఎవరు మార్చినా పేరు పడని చోటది. పొద్దున్నే తీసేసి, నడిపి, యంత్రం ఆగడం చూసుకుని, కయోంగో గదిలోకి వెళ్లి చెప్పాను.

మొహం పాలిపోయిందయ్యా ఆయనకి! "అయితే లుబోవా తప్పేం లేదా? నేనే ఫోన్ చేసి రమ్మంటాను" అన్నాడు నీ గురించి. అంతవరకూ బాగుంది. ఆ తర్వాత కళ్లద్దాలు తీసి, "నమటోవూ, ఇంతకీ ఆ స్విచ్ నొక్కిందెవరు?" అన్నాడు.

కిటికీ బయట చెత్తకుప్ప మీద బెగ్గురు కొంగ ఒకటి నిలబడి ఉంది. దాన్నే చూస్తూ, "అక్కడ పేరు పడదండీ" అన్నాను. అబద్ధమా? కాదుగా!

మా చెల్లెలి క్వంజులా, ఆ నిశ్చితార్థం, గుర్తుందా? నువ్వూ వచ్చావు, మటోకే రెండుసార్లు వడ్డించుకున్నావు. ఆ రోజు మగపెళ్లివాళ్లు బుట్టలెత్తుకుని గుమ్మం దాకా వచ్చేశారు. నేనింకా ఆఫీసులోనే, గోమెసి కట్టుకుని, నడికట్టు ఊపిరాడకుండా బిగించుకుని! మేనత్త ఫోన్ మీద ఫోన్. నెట్‌వర్క్ పడిపోయి ఓ టెస్ట్ తొంభై తొమ్మిది, తొంభై తొమ్మిది అని ఒకటే గోల. బిల్డ్ కదలదు. ఈ ఒక్కపూటకే అనుకున్నాను. నొక్కాను. సోమవారం తీసేద్దామనుకున్నాను.

మూడేళ్ల సోమవారాలు.

నాకు ఇద్దరు చదువుకునే పిల్లలున్నారు, అందుకే కయోంగోకి చెప్పలేదు, అందామనుకున్నాను నీతో. దారంతా అదే సాధన. తీరా ఇక్కడికొచ్చి చూస్తే నీ కవలలు ఆ బల్ల కింద కూచుని లెక్కలు చేసుకుంటున్నారు.

నీ ఫోనే మోగుతోంది. ఆయనే అయ్యుంటాడు. ఎత్తు. వెళ్తావో, మానతావో నీ ఇష్టం. "ఎవరు" అని మళ్లీ అడిగితే మాత్రం నా పేరు చెప్పు. నాకు నోరు రాలేదు.

అట్టా నిలబడిపోకు సాలోంగో, చపాతీ మాడిపోతోంది.

పర్లేదు. ఆ మాడిందే ఇవ్వు.